చాటింపు తర్వాత బుధవారం

జనార్దనరావు గారి మేడనుంచి వచ్చిన పదమూడు జాకెట్లలో పదకొండోదానికి చంద్రకళ హుక్కులు కుడుతూ ఉండగా వీధి మొదట్లో డప్పు మోగింది. ఆ ఒక్కటీ పూర్తి చేసి, పిల్లని చంకనేసుకుని బడి వరండా దాకా వెళ్ళి రావాలని ఆమె పొద్దుటినుంచీ అనుకుంటోంది. అక్కడ నర్సు జ్ఞానమ్మ మంచుడబ్బా పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఈ ఊరికి వచ్చేది నెలకొక్కసారి, మొదటి బుధవారం మాత్రమే. మీనాక్షికి మొన్న ఆదివారంతో తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా తొమ్మిది నిండాకే వేస్తారని జ్ఞానమ్మ పోయిన నెలలోనే చెప్పి వెళ్ళింది.

డప్పు ఇంటి ముందుకొచ్చి ఆగింది. కొట్టేవాడు ఊపిరి పీల్చుకుని, ఏళ్ళ తరబడి అలవాటైన గొంతుతో చాటాడు. వచ్చే బుధవారం పోలేరమ్మకి కొలుపులు. ఈ క్షణంనుంచి ఘటాన్ని సాగనంపేదాకా ఊళ్ళో ఎవరూ తాళింపు వెయ్యకూడదు, గడ్డం గీయించుకోకూడదు, కత్తి గానీ సూది గానీ పట్టకూడదు, మనిషి ఒంట్లోంచి నెత్తురు చుక్క బయటికి రాకూడదు. వాడింకా చెబుతూ ఉండగానే సుబ్బాయమ్మ వంటింట్లోంచి వచ్చి కోడలి చేతిలో సూది తీసుకుంది. దానికి దారం చుట్టి, గోడగూట్లో ఉన్న పసుపుముద్దకి గుచ్చేసింది.

"పెట్టెయ్యవే అమ్మాయ్. తల్లి బయల్దేరింది" అంది.

సాంబశివరావు కుట్టుమిషను మీద దుప్పటి కప్పాడు. ఎనిమిది రోజుల పని పోయినట్టే. జాకెట్టుకి అయిదు, లంగాకి మూడు చొప్పున రోజంతా తొక్కితే భార్యాభర్తలిద్దరికీ కలిపి పాతికో ముప్ఫయ్యో వస్తాయి, అదీ పెళ్ళిళ్ళ రోజుల్లో. సరిగ్గా ఆ పెళ్ళిళ్ళ రోజుల్లోనే, ఫాల్గుణంలోనే, తల్లికి కొలుపులు. చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే నష్టం అన్నట్టు అతను దుప్పటి అంచులు సర్దుతూ ఉండిపోయాడు.

చంద్రకళ పిల్లని ఎత్తుకుంది. బడి దగ్గరికి అని నోటిదాకా వచ్చింది గానీ, అత్తగారి మొహం చూసి, నీళ్ళకి అంది. సుబ్బాయమ్మకి ఆ అబద్ధం తెలిసిపోయింది. బిందె లేకుండా నీళ్ళకి ఎవరు వెళతారు?

"ఏ సూదైనా సూదే" అంది ఆవిడ, గట్టిగా కాదు, పసిపిల్లకి చెప్పినట్టు. "మడిసి సూదైనా, గుడ్డ సూదైనా. చాటింపయ్యాక పొడిస్తే తల్లిని పొడిచినట్టేనమ్మా."

అయినా చంద్రకళ వెళ్ళింది. అడ్డదారిన, గడ్డివాముల వెనకనుంచి వెళ్ళింది. బడి వరండాలో జ్ఞానమ్మ ఒక్కతే కూర్చుని రిజిస్టరు మూస్తోంది. డప్పు వినపడేదాకా ముగ్గురు తల్లులు వరసలో ఉన్నారట. డప్పు వినపడగానే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని లేచిపోయారట. జ్ఞానమ్మ బాపట్ల దగ్గరి మనిషి, అయిదేళ్ళుగా ఈ చుట్టుపక్కల పది ఊళ్ళూ సైకిలు మీద తిరుగుతోంది. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి కావడంతో, ఆవిడ ఏం చెప్పినా ఈ ఊళ్ళో ఒక మాట వెనకనుంచి వినపడుతుంది: ఆవిడ దేవుడు వేరు, మన తల్లంటే ఆవిడకేం భయం అని.

చంద్రకళ పిల్ల చొక్కా చెయ్యి పైకి తీసి నిలబడింది. జ్ఞానమ్మ ఆ చిన్న భుజం వంకా, మంచుడబ్బా వంకా చూసి తల అడ్డంగా ఊపింది. ఒక్కో సీసాలో అయిదుగురికి సరిపడా మందు ఉంటుంది. ఒకసారి విప్పితే నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారబొయ్యాలి. ఒక్క పిల్లకోసం విప్పితే పైన సంజాయిషీ అడుగుతారు. పోయిన నెల పక్క ఊళ్ళో అట్లా విప్పి మాట పడింది కూడా.

"ఇంకో ఇద్దర్ని తీసుకురామ్మా, విప్పేస్తాను. మిగతా సంగతి నేను చూసుకుంటాను" అంది. "తట్టు కొత్తపేట దాకా వచ్చింది. నిన్న నేనే చూశాను, అయిదిళ్ళలో ఉంది. ఇది నెల రోజులు ఆగే సంగతి కాదు."

చంద్రకళ నాలుగిళ్ళు తిరిగింది. ఒకావిడ తలుపు సందులోంచే చెయ్యి ఊపి పొమ్మంది. ఇంకొకావిడ భర్త కొట్లో ఉన్నాడు, అడగందే కుదరదంది. మూడో ఇంట్లో ముసలమ్మ చెవులు మూసుకుంది. నాలుగో ఇంట్లో తల్లి మాత్రం కొంగుతో పిల్లాడి మూతి తుడుస్తూ, ఇంటి పేరు పెట్టి దెప్పినట్టు కాదు గానీ నిజంగానే అడిగింది, "తల్లి పలికేదే మీ అత్తమీద గదా. ముందు మీ ఇంట్లో ఒప్పుకున్నారా వదినా?" అని. చంద్రకళ పిల్లని భుజం మార్చుకుని వెనక్కి తిరిగింది. తిరిగి వచ్చేసరికి జ్ఞానమ్మ మంచుడబ్బా సైకిలు వెనక కట్టుకుంటోంది. మరో ఊరికి వేళయిపోతోంది. ప్రతి బుధవారం రేపల్లెలో సర్కారు ఆసుపత్రిలో టీకాలు వేస్తారనీ, అక్కడ ఎలాగూ జనం ఉంటారు గనక సీసా విప్పుతారనీ, పన్నెండింటికి మూసేస్తారు గనక పెందలాడే రమ్మనీ చెప్పి సైకిలెక్కింది.

వచ్చే బుధవారం అంటే కొలుపుల రోజు.

వాళ్ళ ఊరు గట్టుపాలెంనుంచి రేపల్లె ఎనిమిది కిలోమీటర్లు. రోజుకి అయిదు బస్సులు. ఆ ఎనిమిది కిలోమీటర్లు రెండేళ్ళ కిందట కూడా అంతే ఉన్నాయి.

రెండేళ్ళ కిందట చంద్రకళకి ఒక కొడుకు. తాత పేరే పెట్టి చెంచురామయ్య అన్నారు, పిలిచేది చెంచు అని. మొగుడు పోయిన పదేళ్ళకి మళ్ళీ ఆ పేరు ఇంట్లో వినపడుతుంటే సుబ్బాయమ్మ మురిసిపోయేది. పిల్లాడు నేలమీద ఉన్న గంటలకంటే ఆవిడ చంకలో ఉన్న గంటలే ఎక్కువ. వాడికి తొమ్మిది నెలలు నిండినప్పుడు ఇదే జ్ఞానమ్మ గుమ్మం దాకా వచ్చింది. సుబ్బాయమ్మ ఆవిణ్ణి తిట్టలేదు, కసరలేదు. పీట వేసి, మజ్జిగ ఇచ్చి, మా ఇంటికి తల్లే కాపలా, మాకెందుకమ్మా ఈ సూదులని మర్యాదగా పంపించేసింది. చంద్రకళ తలుపు పక్కన నిలబడి విన్నది. ఆ రోజు ఆమెకీ అదే సబబు అనిపించింది. పిల్లాడికి నొప్పి తప్పిందని సంతోషించింది కూడా.

వాడికి పద్నాలుగో నెలలో తల్లి పోసింది. జ్వరం, కళ్ళు ఎరుపు, చెవుల వెనకనుంచి మొదలై ఒళ్ళంతా ఎర్రటి పొక్కు. తల్లి వచ్చిన ఇంటికి డాక్టరు రాకూడదు, మందు వాసన తగలకూడదు. గుమ్మానికి వేపకొమ్మ కట్టారు. పసుపునీళ్ళు చల్లారు. చద్దన్నం పెరుగు నైవేద్యం పెట్టారు. అయిదోరోజుకి పొక్కు నల్లబడింది, తల్లి దిగుతోందని అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు. ఏడోరోజు పిల్లాడు ఊపిరాడక డొక్కలు ఎగరెయ్యడం మొదలుపెట్టాడు. తొమ్మిదోరోజు తెల్లవారకుండానే అయిపోయింది.

తల్లి తీసుకెళ్ళిన బిడ్డకి ఏడవకూడదు. ఏడిస్తే ఇచ్చింది తిరిగి అడిగినట్టు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, అదృష్టవంతుడమ్మా, తల్లి ఒళ్ళో కూర్చున్నాడు అని చెప్పి వెళ్ళారు. చంద్రకళకి రొమ్ములు గడ్డకట్టి జాకెట్టంతా తడిసిపోతుంటే, సుబ్బాయమ్మే మూరెడు మల్లెపూలు తెచ్చి గుండెలకి కట్టింది, పాలు ఆరిపోవాలని. కట్టేటప్పుడు ఆవిడ చేతులు వణికాయి. ఇద్దరూ ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకోలేదు. ఏడుపు అనేది కడుపులో ఎక్కడో బిగుసుకుపోతే మనిషికి ఏమవుతుందో చదువుకున్నవాళ్ళు చెప్పాలి. చంద్రకళకి మాత్రం ఆ తర్వాత ఆరునెలలు అన్నం రుచి తెలియలేదు.

అంతకుముందు సుబ్బాయమ్మ మీదికి ఏ తల్లీ వచ్చేది కాదు. నలుగురిలాగే దణ్ణం పెట్టుకునే మనిషి. చెంచు పోయిన మూడో నెలలో, ఒక మంగళవారం పూట, గుళ్ళో హారతి ఇస్తుంటే ఆవిడ తల విరబోసుకుని ఊగిపోయింది. బిడ్డ నా దగ్గరే ఉన్నాడు, నా ఒళ్ళో ఆడుకుంటున్నాడు అని పలికింది. ఆ మాటకి గుడి మొత్తం దణ్ణం పెట్టింది. చంద్రకళా పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రే ఆమెకి మొదటిసారి నిద్ర పట్టింది. అప్పటినుంచి ఊరికి ఏ కష్టమొచ్చినా సుబ్బాయమ్మ చేత పలికిస్తారు. టైలరు సాంబశివరావు తల్లి అనేవాళ్ళు లేరు, అమ్మవారు పలికే ఇల్లు అంటారు.

అందుకే మీనాక్షికి టీకా అనే మాట ఆ ఇంట్లో అనగూడనిది. అంటే ఏమవుతుందో చంద్రకళకి తెలుసు, అత్తగారికి ఇంకా బాగా తెలుసు. తెలిసిన ఆ సంగతి ఇద్దరి మధ్యా గోడలా నిలబడి ఉండేది, దాని చుట్టూ తిరుగుతూ ఇద్దరూ వండుకునేవాళ్ళు, తినేవాళ్ళు, పిల్లకి నీళ్ళు పోసేవాళ్ళు.

గురువారం కొత్తపేట చివర మరో రెండిళ్ళకి వేపకొమ్మలు కట్టారు. శుక్రవారానికి పెద్దవీధి దాటాయి. తల్లి తన కొలుపులకి తానే ముందుగా వచ్చి ఏర్పాట్లు చూసుకుంటోందని గుడి దగ్గర చెప్పుకుని పొంగిపోయారు. చంద్రకళ పిల్లని గుమ్మం దాటనివ్వలేదు. ఎవరైనా ఎత్తుకోబోతే, నిద్రొస్తోందని లోపలికి పట్టుకుపోయేది. ఏ ఇంట్లోంచి దగ్గు వినపడినా చెయ్యి దానంతటదే పిల్ల నుదుటి మీదికి పోయేది.

శుక్రవారం పొద్దున్నే మేడనుంచి మనిషి వచ్చాడు. ఆదివారం తెనాల్లో పెళ్ళి, జాకెట్లు శనివారానికల్లా కావాలన్నాడు. జనార్దనరావు గారంటే ఊళ్ళో నలభై ఎకరాలూ, రేపల్లెలో బియ్యం మిల్లూ ఉన్న మనిషి. కొలుపుల పెత్తనం ఆయనదే, చాటింపు వేయించిందీ ఆయనే. సాంబశివరావు తలగోక్కున్నాడు. సుబ్బాయమ్మ కర్పూరం వెలిగించి, పదకొండు రూపాయలు పసుపుగుడ్డలో ముడుపు కట్టి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది. తల్లి ఒప్పుకుందని చెప్పి, గూట్లో సూది తనే పెరికి కోడలికి ఇచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మేడవాళ్ళ విషయంలో దేవుడూ పూజారీ ఇద్దరూ అడగకముందే ఇచ్చేస్తారు. తలుపులు బిడాయించుకుని మొగుడూ పెళ్ళాలు రాత్రిదాకా కుట్టారు. సుబ్బాయమ్మ అబద్ధమాడే మనిషి కాదు. తల్లి ఒప్పుకుందని ఆవిడకి నిజంగానే అనిపించింది, అదే ఇందులో భయపెట్టే సంగతి.

శనివారం చంద్రకళ జాకెట్లు తీసుకుని మేడకి వెళ్ళింది. హాల్లో జనార్దనరావు గారి కోడలు అమ్మాజీ పది నెలల కొడుకుని ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. పిల్లాడు ఎడం చెయ్యి ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు, ఏడుస్తున్నాడు. జాకెట్లు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ, ఏమైందమ్మా బాబుకి అని చంద్రకళ మామూలుగా అడిగింది.

అమ్మాజీ కూడా మామూలుగానే చెప్పింది. "టీకా వేయించాంగా. నిన్న మావయ్యగారే కార్లో తెనాలి తీసుకెళ్ళారు. ఊళ్ళో తట్టు తిరుగుతోందని ఆయనకి ఒకటే భయం."

"నిన్నంటే..." అంది చంద్రకళ. "చాటింపయ్యాక గదండీ."

"మావయ్యగారు తల్లికి మేకపోతుని మొక్కుకున్నార్లే. దోషం ఉండదంట." అమ్మాజీ ఒక జాకెట్టు భుజానికి పెట్టి చూసుకుంది. ఆ పిల్ల మనసులో కల్మషం లేదు, విన్నది విన్నట్టు చెప్పేస్తుంది. "మరి ఊళ్ళోవాళ్ళక్కూడా చెప్పండి, పంపిద్దాం అన్నాను నేను. అందర్నీ అట్టా పంపిస్తే ఇంక కట్టుబాటు ఏం మిగిలిద్దమ్మా అన్నారు."

వసారాలో జనార్దనరావు గారు కొలుపుల చందాల పట్టీ చూసుకుంటూ కూర్చుని ఉన్నారు. చంద్రకళ వెళుతుంటే తలెత్తి, మీ అత్తగారు ఉపవాసాలుంటోంది గదా, ఒంట్లో బాగుందా అని ఆప్యాయంగా అడిగారు. చంద్రకళ బాగుందండి అంది. ఆమెకి మొదట కోపం రాలేదు. మొదట వచ్చింది భయం: ఆయన అంతటి మనిషి భయపడ్డాడంటే, ఇది నిజంగా భయపడాల్సిందేనన్న మాట. కోపం ఇంటికి వచ్చి పిల్లని ఎత్తుకున్నాక వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె సాంబశివరావుకి అంతా చెప్పింది. అతను మంచివాడే. తాగడు, కొట్టడు, కుట్టుకూలి తెచ్చి చేతిలో పోస్తాడు. కానీ పామూ చావకూడదు, కర్రా విరక్కూడదు అనే రకం. వాళ్ళకేం, వాళ్ళకి చెల్లుబాటవుద్ది అన్నాడు. కొలుపులు కానీ, ఆ పై బుధవారం నేనే దగ్గరుండి రేపల్లె తీసుకెళతాను అన్నాడు.

"ఆ పై బుధవారం దాకా అది మన గుమ్మం ముందు ఆగుద్దా?" అంది చంద్రకళ.

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారం వాళ్ళ వీధి మొదటి ఇంటికి వేపకొమ్మ కట్టారు. సోమవారం ఎదురింటికి. మంగళవారం ఎదురింట్లో పిల్ల దగ్గు గోడలు దాటి వచ్చింది. ఆ దగ్గు ఎట్లాంటిదో చంద్రకళకి బాగా గుర్తు.

బుధవారం తెల్లవారుజామునే సుబ్బాయమ్మ తలారా నీళ్ళు పోసుకుని, పసుపులో తడిపిన చీర కట్టుకుని గుడికి వెళ్ళిపోయింది. ఘటం ఎత్తేటప్పుడు ఆవిడ మీదికి తల్లి రావాలి. ఆ ఘటం ఇంటిముందుకు వచ్చినప్పుడు చంద్రకళ గుమ్మంలో నిలబడి, బిందెడు పసుపునీళ్ళు వారపోసి, పిల్లని కాళ్ళ దగ్గర పడుకోబెట్టి మొక్కాలి. అమ్మవారు పలికే ఇంటి కోడలు ఆ పని చెయ్యకపోతే ఊరు ఊరుకోదు. చంద్రకళ బిందె నింపింది, గుమ్మంలో పెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి పిల్లకి ఉతికిన గౌను తొడిగింది. మిషను మీది దుప్పటి అంచున రెండు రూపాయల నోటూ, ఒక అర్ధరూపాయి బిళ్ళా ఉన్నాయి. రేపల్లెకి రానూపోనూ సరిగ్గా అంతే. సాంబశివరావు పెరట్లో అటు తిరిగి పళ్ళు తోముకుంటున్నాడు. ఎంతసేపు తోముకుంటాడో ఆ పళ్ళు. ఆమె డబ్బులు తీసుకుని వెనక దొడ్డిదారిన బయటపడింది.

తొమ్మిదిన్నర బస్సు పదీ నలభైకి వచ్చింది. అప్పటికి ఆమె రోడ్డు పక్క తుమ్మచెట్టు వెనక గంటకు పైగా నిలబడి ఉంది. పిల్ల ముక్కు కారుతోంది. ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపించింది. ఎండలో నిలబెట్టాను గదా, అందుకే అనుకుంది. అనుకుని మళ్ళీ మెడమీద చెయ్యి పెట్టి చూసింది. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, కొంగు పిల్లకి గొడుగులా పట్టింది. రేపల్లెకి అరగంట. ఆసుపత్రికి నడక పది నిమిషాలు. సరిపోతుంది.

బస్సు ఊరి మూడుదార్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా ఊరేగింపు. డప్పులు, సన్నాయి, వేపమండలు, సాంబ్రాణి పొగ. మధ్యలో ఘటం మోసే మనిషి, ఆ ముందు జుట్టు విరబోసుకుని ఊగుతూ సుబ్బాయమ్మ. డ్రైవరు ఇంజను ఆపి చెప్పులు వదిలి దణ్ణం పెట్టుకున్నాడు. దిగేవాళ్ళు దిగి కాళ్ళకి మొక్కి రండమ్మా, తల్లి దారిచ్చాకే కదిలేది అని కండక్టరు కేకవేశాడు. సగం బస్సు దిగింది. చంద్రకళ తల వంచుకుని కూర్చుంది.

మొక్కి వచ్చిన ఒకావిడ కిందనే నిలబడి, అమ్మవారి కోడలు బస్సులో ఉందే అంది. ఆ మాట డప్పుల్లోంచి కూడా వెళ్ళవలసిన చోటికి వెళ్ళింది. జనం రెండుగా చీలారు. సుబ్బాయమ్మ ఊగుతూనే బస్సు పక్కకి నడిచి వచ్చింది. మొహమంతా పసుపు, నుదుటన రూపాయంత కుంకం, రోజుల తరబడి ఉపవాసాలతో లోపలికి పోయిన కళ్ళు. కిటికీ ఊచ పట్టుకుంది.

"నా ఇంట్లో బిడ్డని ఎక్కడికే తీసకపోతన్నావు?" అంది. అది ఇంట్లో వినపడే గొంతు కాదు. "ఇచ్చింది నేను. ఉంచేది నేను. సూదికి చూపిత్తావా నా బిడ్డని? దిగు."

జనమంతా తల్లీ తల్లీ అన్నారు. దిగమ్మా, దిగి కాళ్ళమీద పడు, శాంతించుద్ది అని వెనక సీటు ముసలాయన తొందరపెట్టాడు. పూనకంలో ఉన్న మనిషిని వరస పెట్టి పిలవకూడదు. అప్పుడావిడ ఎవరికీ అత్త కాదు, అమ్మ కాదు, పిన్ని కాదు. ఊరు ఊరంతా, ఎనభై ఏళ్ళవాళ్ళు కూడా, తల్లీ అనే అనాలి. రెండేళ్ళుగా చంద్రకళ కూడా అట్లాగే అంటూ వచ్చింది.

"అత్తయ్యా" అంది చంద్రకళ.

పక్కనున్నావిడ ఉలిక్కిపడి జరిగి కూర్చుంది. డప్పు ఒకటి తప్పు దెబ్బ వేసి ఆగింది.

"అత్తయ్యా, జనార్దనరావు గారు శుక్రవారం వాళ్ళ మనవడికి తెనాల్లో ఈ సూదే వేయించారు. చాటింపయ్యాక రెండోరోజు. ఆ ఇంటికి మనం జాకెట్లు కుట్టిన రోజే." ఆమె గొంతు ఏమీ పెంచలేదు. అయినా చుట్టుపక్కల నలుగురైదుగురికి వినపడింది, వాళ్ళు పక్కవాళ్ళ వంక చూశారు. "నేను దిగను. మొక్కు కూడా మొక్కను."

సుబ్బాయమ్మ ఊగడం ఆగలేదు గానీ తగ్గింది. కిటికీలోంచి పిల్ల వంక చూసింది. మీనాక్షి నాన్నమ్మని గుర్తుపట్టి చెయ్యి చాపి, పసుపు మొహాన్ని తడమబోయింది. ఆవిడ కళ్ళు ఆ చిన్న వేళ్ళమీద నిలిచిపోయాయి. తర్వాత ఆవిడ మొహం ఊచలకి ఆనించి మాట్లాడింది. ఇప్పుడది ఇంట్లో వినపడే గొంతే. పొయ్యి దగ్గర, బావి దగ్గర వినపడే గొంతు. అది చంద్రకళకి తప్ప మరెవరికీ వినపడలేదు.

"ఈ సూదికి ఇది బతికేటట్టయితే... మరి ఆణ్ణి చంపింది ఎవరే?"

రెండేళ్ళనుంచి ఈ ప్రశ్నకి జవాబు చంద్రకళ దగ్గర సిద్ధంగా ఉంది. ఎన్నో రాత్రులు, నిద్రపట్టనప్పుడు, ఆ జవాబుని ఈ మనిషి మొహాన కొట్టినట్టు ఊహించుకుంది. తీరా ఇప్పుడు చూస్తే ఎదురుగా ఉన్నది తల్లీ కాదు, గయ్యాళి అత్తా కాదు. మల్లెపూలు కడుతూ చేతులు వణికిన మనిషి. అబద్ధం చెబుదామా అనిపించింది. ఎవరూ కాదత్తయ్యా, ఆడి ఆయుష్షు అంతే అంటే సరిపోతుంది. కానీ ఆ మాట అంటే బస్సు దిగాల్సిందే. ఆ మాటా, ఈ ప్రయాణమూ రెండూ ఒక్కసారే నిజం కాలేవు.

"మనిద్దరమే అత్తయ్యా" అంది. "నేనూ తలుపు పక్కన నిలబడే ఉన్నాను ఆ రోజు."

సుబ్బాయమ్మ చేతిలో వేపమండ జారి రోడ్డుమీద పడింది. వెనకనుంచి ఎవరో, తల్లి శాంతించింది, హారతి పట్టండి అన్నారు. ఇంకెవరో కాదు కాదు ఉగ్రంలో ఉంది అన్నారు. డప్పులవాళ్ళకి కొట్టాలో ఆపాలో తెలియలేదు. డ్రైవరు ఇంజను తిప్పాడు, బస్సు వణకడం మొదలుపెట్టింది. కానీ కదలలేదు. సుబ్బాయమ్మ చెయ్యి కిటికీ ఊచని పట్టుకునే ఉంది. పూనకంలో ఉన్న మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. చెయ్యి తియ్యి తల్లీ అనడానికి ఆ బస్సులోనూ, ఆ రోడ్డుమీదా ఒక్కరికీ ధైర్యం లేదు. ముందుకి పోనిస్తే ఆవిడ చక్రాల కిందికి వస్తుంది.

"వదలండత్తయ్యా" అంది చంద్రకళ. "పన్నెండింటికి మూసేస్తారు."

ఆవిడ వినలేదు. వినే స్థితిలో లేదు. ఊచమీద ఆ వేళ్ళు బిగుసుకుపోయి తెల్లగా పాలిపోయాయి. కండక్టరు గడియారం చూసుకుని, పదకొండూ అయిదయిందమ్మా అన్నాడు, ఎవరితో అంటున్నాడో తనకే తెలియనట్టు. చంద్రకళ కొంగు కింద మీనాక్షి వీపు తడిమింది. పొద్దుటికంటే వెచ్చగా ఉంది. ఇప్పుడు ఎండలో లేదు, నీడలోనే ఉంది.

ఆమె పిల్లని ఎడం చేత్తో గుండెకి అదుముకుని, కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టింది. అత్తగారి చిటికెన వేలు పట్టుకుని ఊచమీదనుంచి విప్పింది. జనంలోంచి ఒక కేక లేచింది. చంద్రకళ అటు చూడకుండా రెండో వేలు పట్టుకుంది.